మా అక్కకు ఎక్కడా నొప్పి లేదు

మా అక్క మనుషులను ఇంగ్లీషులో తిడుతుంది. తిట్టాక ఆ తిట్టు ఏ దేశంలో పుట్టిందో, పుట్టినప్పుడు ఎంత మంచి మాటో చెబుతుంది. అదంతా విన్నాక తిట్లు తిన్నవాడు థాంక్స్ చెప్పి వెళ్లాలన్నమాట. మా బావను ఆవిడ ఎన్నిసార్లు 'ఇడియట్' అందో లెక్కలేదు. ఆయన మొహం మాడ్చుకునేలోపే, "పాతకాలపు గ్రీకు భాషలో ఆ మాటకు ఊరి వ్యవహారాల్లో తలదూర్చకుండా తన పని తాను చూసుకునే మనిషి అని అర్థం. మిమ్మల్ని మెచ్చుకున్నాను" అంటుంది. మా బావ నిజంగానే తన పని తాను చూసుకునే మనిషి. ఆ మెచ్చుకోలు కాస్తా జేబులో వేసుకుని బేకరీకి వెళ్లిపోతాడు.

బేకరీలో ఆయన పని పిండి పిసకడం. ఇంగ్లీషులో 'లేడీ' అనే మాటకు మొదట్లో 'రొట్టెకు పిండి పిసికే మనిషి' అని అర్థమట. ఇది కూడా అక్క చెప్పిందే. "ఆ లెక్కన మనింట్లో లేడీ బావే కదక్కా" అన్నాను. ఆవిడ నాతో చాలాకాలం మాట్లాడలేదు. మాటల పుట్టుపూర్వోత్తరాలు ఎదుటివాళ్ల మీద ప్రయోగించడానికేగానీ తన మీదికి తెచ్చుకోవడానికి కాదని ఆవిడ అభిప్రాయం.

నేను లాండ్రీ నడుపుతాను. కింద నా షాపు, పైన అక్క ఇంగ్లీషు క్లాసు. నా బాయిలర్ ఆవిరికి పై గది నేల వెచ్చబడుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి విద్యార్థులు చెప్పుల్లోంచి కాళ్లు తీసి బెంచీల మీదికి ముడుచుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో ధ్యానం అనుకుంటారు.

అక్క మొదట టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఒక చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, ఒకళ్ల తీగ తీసి ఇంకొకళ్ల కన్నంలో గుచ్చి ఊరందరినీ కలిపేది. కలిపాక తప్పుకోవాలని రూలు. ఆవిడ తప్పుకునేది కాదు. ఎవరికి ఎవరితో చెడిందో, ఏ డాక్టరుకు ఏ జబ్బు ఉందో మా ఇంట్లో అన్నం తింటూ తెలుసుకునేవాళ్లం. అవతలివాడు గొంతు సవరించుకుంటేనే ఎవరో చెప్పేసేది. ఆ తర్వాత మనుషులు అక్కర్లేని యంత్రాలొచ్చాయి. ఆపరేటర్లందరికీ తలా ఒక గోడ గడియారం ఇచ్చి ఇంటికి పంపేశారు. అక్క ఆ గడియారాన్ని గోడకు కొట్టనివ్వలేదు. అది ఇప్పటికీ మంచం కింద టిక్కుటిక్కుమంటూ ఉంటుంది.

ఊరంతటి కబుర్లు వినే మనిషికి హఠాత్తుగా వినడానికి మేమే మిగిలాం. మేం మాట్లాడేదాంట్లో వినదగ్గది ఏముంటుంది? అలాంటి రోజుల్లో ఆ పుస్తకం వచ్చింది. ఇస్త్రీ బట్టలు చుట్టడానికి నేను పాత కాగితాలు తూకానికి కొంటాను. ఒక మూటలో ఇటుకంత లావున ఇంగ్లీషు పుస్తకం తగిలింది. కాగితం మంచి మందంగా ఉందని మొదటినుంచి చింపడం మొదలుపెట్టాను. అక్క వచ్చి చూసి గావుకేక పెట్టేసరికి 'ఎ' అక్షరం మొత్తం పక్కవీధి చొక్కాలతో పాటు వెళ్లిపోయింది.

అది ఇంగ్లీషు మాటలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పే పుస్తకం. అక్క దాన్ని 'బి' నుంచి చివరిదాకా బట్టీ పట్టింది. అందుకే మా అక్కకు ఇంగ్లీషులో 'బి' నుంచి అన్నీ తెలుసు. ఎవరైనా 'ఎయిర్‌పోర్టు' సంగతో 'ఏంజెల్' సంగతో అడిగితే, "ఎ తో మొదలయ్యే మాటలు అనాథలు. వాటికి వెనకా ముందూ ఉండదు" అని తేల్చేసేది.

అలా క్లాసు మొదలైంది. 'ఇంగ్లీషు మాటల మూలాలు చెప్పబడును' అని బోర్డు రాయించింది. మొదటిరోజు వచ్చింది ఒకే ఒక పెద్దమనిషి. నడుం పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. అక్క సంబరంగా కూర్చోమంది. కూర్చోలేనమ్మా, అదే కదా బాధ అన్నాడాయన. ఏ అక్షరంతో మొదలైందని అక్క అడిగింది. కారంతో మొదలైందన్నాడు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నాక ఆయన్ను పక్కవీధి మూలవ్యాధి డాక్టరు దగ్గరికి నేనే దింపి వచ్చాను. మర్నాడు బోర్డు మార్చాం.

క్లాసు పద్ధతి ఏమిటంటే, విద్యార్థి మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగాలి. ఒక మాట చెప్పి, దాని ఇంటిపేరు కూడా చెప్పాలి. చెబితేనే లోపలికి రానిస్తుంది. 'విండో' అంటే గాలికన్ను. 'క్లూ' అంటే నూలుండ. 'మజిల్' అంటే చిట్టెలుక. కండ బిగించినప్పుడు చర్మం కింద చిన్న ఎలుక కదిలినట్టుంటుందని పాతకాలం వాళ్లకు తోచిందట. ఈ సంగతి విన్న రోజున మా వీధి వ్యాయామశాల వస్తాదు తన కండలు చూసుకుంటూ దిగివచ్చాడు, మళ్లీ పైకి రాలేదు. ఇక 'నైస్' అనే మాటకు మొదట్లో 'ఏమీ తెలియనివాడు' అని అర్థం. తనకు గిట్టని వాళ్లందరికీ అక్క నవ్వుతూ 'యు ఆర్ వెరీ నైస్' అని చెప్పేది. వాళ్లు పొంగిపోయేవాళ్లు. అది చూసి ఆవిడ ఇంకా పొంగిపోయేది.

అంతా బాగానే ఉందిగానీ, అక్క దగ్గర చదువుకున్నవాళ్లకు ఇంగ్లీషు రాదు. గాలికన్ను కథ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఉక్కపోస్తే కిటికీ తెరవమని మాత్రం తెలుగులోనే అడుగుతారు.

మెరుపు మాస్టారు అందుకే వచ్చాడు. అదే అంతస్తులో, గోడ అవతలి గదిలో 'మెరుపు ఇంగ్లీష్' అని పెట్టాడు. ఆయన పద్ధతిలో మాటకు ఇంటిపేరూ లేదు, ఒంటిపేరూ లేదు. ప్రశ్న ఇదీ, జవాబు ఇదీ. అందరూ కలిసి పాటలా అనాలి. ఆ పిల్లలు ఎంత వేగంగా మాట్లాడతారంటే, ఏం మాట్లాడుతున్నారో పట్టుకునేలోపు అయిపోతుంది. ఉద్యోగాలు మాత్రం వస్తున్నాయి. అక్క బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

రెండు గదులకూ మంచినీళ్ల కుండ ఒక్కటే, మెట్ల కింద నేను నింపి పెట్టేది. అక్కకు అది కూడా గిట్టలేదు. "రైవల్ అంటే ఏమిట్రా? ఒకే కాలువ నీళ్లు వాడుకునే వాడు. ఇదే ఆ కాలువ" అని కుండ ఎత్తుకుని తన గదిలో పెట్టుకుంది.  మాస్టారు దాహమేసినప్పుడు కిందికి దిగొచ్చి నా బట్టల మీద చల్లే నీళ్లు తాగి వెళ్లేవాడు.

"మంచివాడేనక్కా. ఒక్కసారి సారీ చెప్పి ఆ కుండ కింద పెట్టెయ్" అన్నాను.

"సారీ ఎక్కడినుంచి పుట్టిందో తెలుసా నీకు? పుండు, నొప్పి అనే మాటలోంచి. సారీ అంటే నాకు నొప్పిగా ఉందని అర్థం. నాకు ఎక్కడా నొప్పి లేదురా. లేని నొప్పి ఉందని అబద్ధం చెప్పమంటావా?" అంది.

ఈ సమాధానం మాకు కొత్త కాదు. నా ఇస్త్రీ చొక్కాల మీద కాఫీ ఒలికించినప్పుడు ఇదే చెప్పింది. బావ చెయ్యి తలుపు సందులో పడి నలిగినప్పుడు, తలుపు వేసింది తనే అయినా, నొప్పి ఆయనది కాబట్టి సారీ ఆయనే చెప్పాలంది. ఆయన చెప్పాడు కూడా.

ఇప్పుడు మా మేనకోడలి సంగతి చెప్పాలి. అక్కకు ఒక్కతే కూతురు. పేరేదైనా మేం బుల్లి అంటాం. చదువు అయ్యాక నా షాపులోనే పని చేసేది. మా ఊళ్లో పెద్ద హోటలు దుప్పట్లు, తలగడ గలీబులు మాకే వస్తాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి, బుల్లి ట్రాలీ రిక్షా మీద తీసుకెళ్లి ఇచ్చేది. సామాన్లవాళ్లు వెళ్లే వెనక తలుపు గుండానే. ఆ తలుపు పక్కన చెత్తడబ్బాలూ, నిద్రపోయే పిల్లులూ. అక్కడ నిలబడి లోపలికి తొంగిచూస్తే, పొడవాటి నడవా చివర ముందు హాలు, దీపాలు, బల్ల వెనక నవ్వుతూ నిలబడ్డ అమ్మాయిలు కనిపిస్తారు. ఆ బల్ల వెనక ఖాళీ ఉందని తెలిసిన రోజున బుల్లి నాకు చెప్పిన తీరు నాకింకా గుర్తే. ఉతకాల్సిన దుప్పటి ఒకటి భుజాన వేసుకుని రాణిలా షాపంతా తిరిగింది.

ఆ ఉద్యోగం దానికి రావాలి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. దుప్పట్లు ఇంకెవరైనా మోస్తారు.

అక్కకు ఈ సంగతి ఇంకోలా తలకెక్కింది. సొంత కూతురికి ఉద్యోగం వస్తే క్లాసు నిలబడుతుంది, రాకపోతే మెరుపు మాస్టారి ముందు పరువు పోతుంది. అందుకని మిగిలిన విద్యార్థులందరి ముందు బుల్లికి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టింది. నా కళ్లద్దాలు తీసుకుని తాను పెట్టుకుని హోటలు మేనేజరు అయిపోయింది. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను, కళ్లద్దాలు లేక అంతా అలికినట్టు ఉంది.

ఈ ఉద్యోగం నీకెందుకు కావాలి అని ఇంగ్లీషులో అడిగింది. బుల్లి చెప్పాల్సింది ఏమిటంటే, హోటలూ హాస్పిటలూ ఒకే తల్లి పిల్లలు, అతిథిని ఆదరించడం అనే మాటలోంచి పుట్టాయి, అంచేత నాకు సేవాభావం ఎక్కువ, ఇలా. వారమంతా అదే బట్టీ. కానీ ఆ పిల్ల కాసేపు ఆలోచించి, వచ్చీరాని ఇంగ్లీషులో, "నాకు ముందు తలుపు గుండా లోపలికి రావాలని ఉంది" అంది.

"సిల్లీ గర్ల్!" అంది అక్క.

బెంచీలు గొల్లుమన్నాయి. బుల్లి మొహం ఎలా ఉందో నాకు కనిపించలేదు. అక్క మాత్రం అలవాటు ప్రకారం చెయ్యెత్తి అందరినీ ఆపి, "సిల్లీ అంటే మొదట్లో భాగ్యవంతురాలు, దీవెన పొందిన మనిషి అని అర్థం. తర్వాత అమాయకురాలైంది, ఆ తర్వాత జాలిపడాల్సినదైంది, చివరికి తెలివితక్కువదైంది. కాబట్టి మా అమ్మాయిని నేను దీవించాను" అని పాఠం ముగించింది. అందరూ పుస్తకాల్లో రాసుకున్నారు. బుల్లి మెట్లు దిగి నా పక్కనుంచి వెళ్లిపోయింది.

మర్నాటినుంచి బుల్లి వాళ్లమ్మ క్లాసుకు వెళ్లలేదు. షాపులో పనుందంది. నేను కూడా అవునన్నాను. నిజానికి ఆ సమయానికి గోడ అవతల మెరుపు మాస్టారి గదిలో కూర్చునేది. మాస్టారు ముందు ఒప్పుకోలేదట. "మీ అమ్మగారికి తెలిస్తే నాకు తాగడానికి ఇస్త్రీ నీళ్లు కూడా మిగలవు తల్లీ" అన్నాడట. బుల్లి బతిమాలితే సరేనన్నాడు.

మేం ఒక్క విషయం మరిచిపోయాం. మా అక్క ఎక్స్ఛేంజీలో పనిచేసిన మనిషి.

ఇంటర్వ్యూకు ముందురోజు మధ్యాహ్నం. గోడ అవతల మెరుపు పిల్లలందరూ గొంతు కలిపి, 'నా బలహీనత ఏమిటంటే నేను మరీ ఎక్కువ కష్టపడతాను' అని ఇంగ్లీషులో పాడుతున్నారు. ఇవతల అక్క మిగిలిన ఇద్దరికీ ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయిందట. తల ఒక పక్కకు వంచిందట, పాత హెడ్‌సెట్ ఉండే పక్కకు. అంత గోలలోంచి కూతురి గొంతును ఏరి పట్టుకుంది.

నేను పరుగెత్తి పైకి వెళ్లేసరికి అక్క నడవాలో ఒంటికాలి మీద లేస్తోంది. మాస్టారు గుమ్మంలో, ఆయన వెనక బుల్లి, ఆ వెనక మెడలు చాచిన మెరుపు పిల్లలు.

"విలన్!" అంది అక్క మాస్టారిని. ఊపిరి తీసుకుని, "అంటే పాత రోజుల్లో పొలంలో పనిచేసే కూలీ అని అర్థం. నేను తిట్టలేదు" అని చేర్చింది.

"తెలుసండీ మేడం. మీ పాఠాలు గోడలోంచి మాకూ వినిపిస్తాయి. మా నాన్న పొలం కూలీనే. కానీ మీరిప్పుడు నన్ను అన్నది ఆ అర్థంలో కాదు కదా" అన్నాడు మాస్టారు.

  అక్క కోపమంతా కూతురి మీదికి మళ్లింది. "ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు ఇక్కడికొచ్చి కూర్చుంటావా? నా పరువు ఏం కావాలనుకున్నావే?"

"నువ్వు నన్ను అందరి ముందు సిల్లీ అన్నావు" అంది బుల్లి.

"దాని అర్థం చెప్పాను కదే! దీవెన అని..."

"అమ్మా, అది ఎప్పటి అర్థమో నాకనవసరం. నాకు తగిలింది ఇవాళ్టి అర్థం. అక్కడున్న వాళ్లు నవ్వింది కూడా ఇవాళ్టి అర్థానికే. నువ్వు మనిషిని ముందు కొట్టి, ఆ కర్ర ఏ అడవిలో చెట్టుదో తర్వాత చెబుతావు. నాన్నకీ అంతే, మామయ్యకీ అంతే. నిజంగా నేను నీకు కావాలనుకుంటే నాకు అపాలజీ చెప్పు."

 అక్క కూతురి వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"'ఎ' పేజీలు మీ మామయ్య చింపేశాడు" అంది.

మెరుపు పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, బుల్లి కళ్లు చూశాక ఆగిపోయింది.  ఆ పిల్ల మెట్లు దిగి, షాపులో నుంచి తన సంచీ తీసుకుని, ఇవాళ మీ ఇంట్లో పడుకుంటాను మామయ్యా అంది. సరేనన్నాను. అక్క పైనుంచి పిలుస్తుందేమోనని కొంచెం ఆగి మరీ బయల్దేరాం. ఎవరూ పిలవలేదు.

పొద్దున్నే దాని తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. గంజి కాస్త ఎక్కువే పెట్టాను. 'క్యాండిడేట్' అంటే తెల్లబట్టలు వేసుకున్నవాడని అక్క చెప్పిందే. పూర్వం రోము నగరంలో పదవి కోరుకునేవాళ్లు బట్టలకు సుద్ద పట్టించి మరీ తిరిగేవాళ్లట. ఈ ఒక్క ముక్కలో మాత్రం మాటల పుట్టుకకూ నా వృత్తికీ చుట్టరికం ఉందని నాకు మహా గర్వం. చొక్కా వేసుకుని బుల్లి వెళ్లిపోయింది. నేను ఆ రోజు ఎవరి బట్టలు ఎవరికి ఇచ్చానో నాకే తెలియదు.

మధ్యాహ్నం దాటాక అక్క దిగివచ్చింది. చేతుల్లో మంచినీళ్ల కుండ. మెట్ల కింద పాత చోట పెట్టింది. నేను చూడనట్టు నటించాను.

"వచ్చిందా?" అంది.

"ఇంకా లేదు."

"నేనున్నానని చెప్పకు" అని షాపు వెనక భాగంలోకి వెళ్లింది. అక్కడ హోటలు దుప్పట్లు వరసలు వరసలుగా ఆరేసి ఉంటాయి. వాటి వెనక స్టూలు వేసుకుని కూర్చున్న చప్పుడు వినిపించింది. పాత ఉద్యోగంలో చేరిందన్నమాట.

ఉద్యోగం సంగతి వారం తర్వాత తేలింది. వచ్చింది. కానీ ఆ సాయంత్రం బుల్లి షాపులోకి అడుగుపెట్టినప్పుడు అది ఎవరికీ తెలియదు. దాని చొక్కా నలిగిపోయి ఉంది, మొహం ఇంకా నలిగి ఉంది. స్టూలు మీద కూలబడింది. నేను ఒక చొక్కా ఇస్త్రీ బల్ల మీద పరిచి, ఏమైందని అడిగాను.

"ముందు తలుపు గుండా వెళ్లాను మామయ్యా. తలుపు తీసేవాడు నన్ను గుర్తుపట్టి, మూటలేవీ అన్నాడు" అంది.

లోపల వరసలో కూర్చున్నవాళ్లలో సగం మంది మెరుపు పిల్లలే. ఒక్కొక్కళ్లే లోపలికి వెళ్లి, నా బలహీనత నేను మరీ ఎక్కువ కష్టపడటమే అని చెప్పి వచ్చారు. బుల్లి వంతు వచ్చింది. మేనేజరు పెద్దావిడ. ఈ ఉద్యోగం ఎందుకు కావాలని అడిగింది. బుల్లి కూడా ఆ పాటే ఎత్తుకుంది. రెండో ముక్కకే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "పొద్దున్నుంచి ఇదే వింటున్నానమ్మా. ఇంత కష్టపడేవాళ్లంతా ఈ ఊళ్లోనే ఎందుకు పుట్టారు?" అంది.

"అప్పుడేం చేశావే?"

"భయంతో అమ్మ నోట్లోకి వచ్చేసింది మామయ్యా. మేనేజర్ అనే మాట గుర్రాలను చేత్తో అదుపు చేయడం అనే మాటలోంచి వచ్చిందని చెప్పేశాను."

నేను ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆపాను. "మేనేజరుతోనే?"

"ఆవిడతోనే. పక్కనున్నాయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడేమో, గుర్రాలైతే ఎంత సుఖమో అంది. అంత కోపంగా ఏమీ లేదని తెలిశాక నిజం చెప్పాను. నేను మీ దుప్పట్లు వెనక తలుపు గుండా తెస్తాను, నాకు ముందు తలుపు గుండా రావాలని ఉందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు మామయ్యా. కలం కింద పెట్టింది."

దుప్పట్ల వెనక స్టూలు కిర్రుమంది. బుల్లి గమనించలేదు.

"తర్వాత ఏం అడిగిందంటే, ఎవరో అతిథి వచ్చి దుప్పటి మీద మరక ఉందని అరిస్తే ఏం చేస్తావంది."

"మన దుప్పటి మీద మరకేమిటే!" అన్నాను నేను.

"ఉత్తుత్తికి అడిగింది మామయ్యా. సారీ చెబుతానన్నాను. ఆ తర్వాతేం చేస్తావంది. ఆ తర్వాత కాసేపు ఊరుకుంటాను, కారణాలు వెంటనే చెప్పనన్నాను. ఎందుకంది. సారీ అనేది నొప్పి అనే మాటలోంచి పుట్టింది, మీకు కష్టమైనందుకు నాకూ నొప్పిగా ఉందని చెప్పడం అది, వెంటనే కారణాలు ఎత్తుకుంటే నాకు నొప్పేమీ లేదని అవతలివాళ్లకు తెలిసిపోతుంది అన్నాను.  ఇదెవరు నేర్పారంది."

"ఏం చెప్పావు?"

"మా అమ్మ అన్నాను. ఇంట్లో కూడా అమ్మ ఇలాగే చెబుతుందా అని అడిగింది." బుల్లి తల దించుకుని చొక్కా అంచు నలుపుతోంది. "లేదండీ, మా అమ్మ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఆవిడకు ఎక్కడా నొప్పి ఉండదు అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది కదా మామయ్యా? పరాయివాళ్ల ముందు. అడిగింది కదా అని నోరు జారాను. సరే, కబురు చేస్తాం వెళ్లమన్నారు."

నేను ఇస్త్రీ పెట్టె చొక్కా మీదికి దించుతుంటే మా బావ వచ్చాడు. బేకరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా పిండి. కూతురి కోసం వేడి రొట్టె కాగితంలో చుట్టి తెచ్చాడు. దాని మొహం చూసి, నా మొహం చూసి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

అప్పుడు దుప్పట్లు కదిలాయి. చివరి వరస, దాని ముందు వరస, ఆ ముందుది. అక్క బయటికి వచ్చింది. తడి దుప్పట్ల మధ్య కూర్చోవడం వల్ల భుజాలు తడిసి ఉన్నాయి. కళ్లు కూడా తడిగానే ఉన్నాయి, అవి దుప్పట్ల వల్ల కాదు. బుల్లి గబుక్కున లేచి నిలబడింది.

అక్క కూతురి దగ్గరికి వచ్చింది.

"సారీ" అంది.

మేం ముగ్గురం ఆగాం. ఇన్నేళ్ల అలవాటు కదా. ఇప్పుడు దాని పుట్టుక వస్తుంది, ఏ దేశమో, ఎన్నో శతాబ్దమో, మొదట్లో ఏ అర్థమో. మా బావ నాకు కనుసైగ చేశాడు, చూడు వస్తోంది అన్నట్టు. అక్క రెండు చేతులూ పక్కలకు వదిలేసి కూతురి ఎదురుగా అలాగే నిలబడింది. ఏమీ రాలేదు.

బుల్లి ఒక్క అడుగు ముందుకు వేసింది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అంది.

"ఉందే" అంది అక్క.

ఇస్త్రీ పెట్టె కింద చొక్కా మాడిన వాసన వచ్చేదాకా మాలో ఎవరమూ కదల్లేదు.